ఇంకా లేవలేదు

నా గుడ్లగూబకు అమ్మ రాయించేది.

నా పేరు తడి పెద్దమ్మ. కాగితాల్లో వేరే పేరుంది గాని, ఆ పేరుతో పిలిస్తే నేనే పలకను. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో చూసుకునే తీరిక దొరకలేదు. ఉండేది సిమెంటు పరిశోధన ఆవరణలో, బీముల షెడ్డు వెనక గదిలో. ఇంట్లో మనుషులు: నేను, సెలవు దొరికితే నా కూతురు. ఇంటాయన సంగతికీ ఈ కేసుకూ సంబంధం లేదు. పని: షెడ్డులో పోత పోసిన ప్రతిదాన్నీ ఎండనివ్వకుండా తడిపి ఉంచడం. రాస్తున్నది గేటుకెదురుగా కొట్టు పెట్టుకున్న దర్జీ తమ్ముడు. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తానని కత్తెర మీద ఒట్టేశాడు.

ఇవన్నీ నాకు తెలియవా అంటావు. తెలుసు. కేసు చెప్పుకునేటప్పుడు ముందు ఇవే రాయాలని దర్జీ తమ్ముడు అన్నాడు, రాయించాను. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నాకు సగమే వినిపిస్తుంది, ఆ సగమూ నేను వినాలనుకున్న సగం కాదు. పైగా నోటి మాట గాలికి పోతుంది. కాగితమైతే ఎవడి ముఖానైనా పెట్టి చూపించొచ్చు. పొద్దుటి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. నువ్వూ జవాబు అతని చేతికే ఇవ్వు.

కేసు ఇది. షెడ్డులో కొత్త రకం సిమెంటుతో ఒక వరస బీములు పోశారు. కొలిమి బూడిద కలిపిన సిమెంటు, ఎంత బరువు మోస్తుందో చూడాలట. ఆ రోజు కుళాయి రాలేదు. మేస్త్రి షెడ్డు పక్క తొట్టిలో నీళ్ళే ముంచి, కాంక్రీటు కలిపే మిల్లర్లో పోయించాడు. మర్నాడు అచ్చులు విప్పుదామని చెయ్యి పెడితే వేలు దిగిపోయింది, తడిపిన పిండిలో దిగినట్టు. ఆ మర్నాడూ అంతే.

కొలతబాబు వచ్చాడు. ఇతను నువ్వు ఉద్యోగానికి వెళ్ళాక వచ్చిన ఆఫీసరు. మెళ్ళో టేపు వేసుకుని తిరుగుతాడు, మనిషిని చూస్తే ముందు పొడవు చూస్తాడు, తర్వాత ముఖం చూస్తాడు. కుర్రాడు చెడ్డవాడు కాదు, భయస్తుడు. బీము మీదికి వంగి వాసన చూశాడు. "తియ్యటి వాసన వస్తోంది. చక్కెర నీళ్ళు పడితే సిమెంటు గట్టిపడదు. తొట్టిలో ఎవరో టీ పారబోశారు" అన్నాడు. అని నా వంక చూశాడు. షెడ్డులో టీ గ్లాసులు కడిగేది నేను కాబట్టి.

"బాబూ, నాకు చక్కెర జబ్బు. ఇంట్లో ఉన్న చక్కెరంతా నా ఒంట్లోనే ఉంది. కావాలంటే డాక్టరును అడుగు" అన్నాను.

మేస్త్రి నవ్వాడు. కొలతబాబు నవ్వలేదు. "విచారణ పెడతాను పెద్దమ్మా. అందాకా తొట్టి దగ్గరకు రాకు" అన్నాడు.

తప్పు నాదని తేలితే గది ఖాళీ చేయాలి. తడిపే పైపు ఇంకొకరి చేతికి పోతుంది. నా చేతిలో ఇన్నేళ్ళు ఉన్నది ఆ పైపొక్కటే. ఆ పైపు పట్టుకునే నిన్ను పెంచాను. తడి గోనెపట్టాల నీడన నిన్ను పడుకోబెడితే, పోతలన్నీ గట్టిపడేవి గాని నీ కళ్ళు మూతపడేవి కావు. గుడ్లగూబ అన్న పేరు అక్కడొచ్చిందే.

ఒక్క మాట చెప్తాను, దర్జీ తమ్ముడు ఇది వేరే సంగతి అంటున్నా సరే. ఆ బీముల్ని చూస్తుంటే నాకు ఏదోలా ఉంది. వరసగా దుప్పటి కప్పుకుని పడుకున్న మనుషుల్లా ఉన్నాయి. మామూలుగా పోత పోసిన మర్నాడు గోనెపట్టా కింద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, జ్వరం తగ్గుతున్న బిడ్డ నుదురులా. వీటికి ఆ వెచ్చదనం లేదు. చల్లగా, మెత్తగా, ఎవరి మాటా వినకుండా పడి ఉన్నాయి.

సిమెంటు చదువు చదివినదానివి. మా అమ్మ మంచిది అని రాయక్కర్లేదు, అది నేనే చెప్పుకోగలను. ఇవి ఎందుకు గట్టిపడలేదో రెండు ముక్కలు రాసి పంపు.

ఇంకొకటి. నువ్వు పొద్దున్నే లేస్తున్నావా? లేచిన సంగతి రోజూ నాకు తెలియజెయ్యి. ఎందుకని అడక్కు. నిద్రకని ఎవరేమిచ్చినా తాగకు. ఇది కేసులోకి ఎలా వస్తుందక్కా అంటున్నాడు దర్జీ తమ్ముడు. రాయి, అన్నాను. రాశాడు.

ఇట్లు,
ఎవరికీ తల వంచని నీ అమ్మ
(వేలిముద్ర)


ప్రియమైన అమ్మకు,

దర్జీ బాబాయ్ గారూ, నమస్కారం. కాస్త నెమ్మదిగా చదవండి. మధ్యలో అమ్మ ఏదో అంటుంది, అననివ్వండి.

నిన్ను వేలెత్తి చూపడం కొలతబాబు తప్పు. చక్కెర గురించి చెప్పింది మాత్రం తప్పు కాదమ్మా. సిమెంటు ఎండి గట్టిపడదు, నీళ్ళు తాగి గట్టిపడుతుందని నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ నీళ్ళు తగిలిన వెంటనే తాగదు. కాసేపు ఊరికే పడుకుంటుంది. పుస్తకాల్లో దానికి పెద్ద పేరుంది, మేం నిద్ర అంటాం. కలిపి, మోసుకెళ్ళి, అచ్చుల్లో పోసి, పైన నున్నగా చేసేదాకా అది నిద్రలోనే ఉండాలి. కొలిమిలో ఎర్రగా కాలిన రాళ్ళను పొడి కొట్టేటప్పుడు కాస్త జిప్సం కలుపుతారు. అది లేకపోతే నీళ్ళు తగలగానే ఉలిక్కిపడి లేచి, ఎక్కడిది అక్కడే బిగుసుకుపోతుంది. జిప్సం దాన్ని జోకొడుతుంది. చక్కెర లాంటిది ఏదైనా పడిందంటే ఆ నిద్ర ఇంకా పొడుగవుతుంది. ఒక్కొక్క రేణువు చుట్టూ పలచటి దుప్పటి చుట్టుకున్నట్టు అవుతుంది. మరీ ఎక్కువైతే అసలు లేవకపోనూ వచ్చు.

ఇక్కడ ల్యాబులో నా పని ఆ నిద్రను కొలవడమే. చిన్న గిన్నెల్లో కలిపి, మందపాటి గోడలున్న పెట్టెలో పెట్టి, తెర మీద గీతను చూస్తూ కూర్చుంటాను. నిద్రలో ఉన్నంతసేపూ గీత నేల మీద పాకుతుంది. లేచే ముందు ఒళ్ళు వెచ్చబడుతుంది, అప్పుడు గీత మెల్లగా కొండెక్కుతుంది. ఆ మలుపు చూస్తే నాకు ప్రతిసారీ ఎవరో చిన్నపిల్ల కళ్ళు నులుముకుంటున్నట్టు ఉంటుంది. కొండల్లో వంతెనలు కట్టేచోటికి కలిపిన కాంక్రీటు వెళ్ళాలంటే చాలా దూరం పోవాలి. దారి పొడుగునా నిద్రపోతూ వెళ్ళి, అక్కడికి చేరాక హాయిగా లేవాలి. అలాంటి నిద్ర కోసం వెతుకుతున్నాను. నా గిన్నెల్లో కొన్ని దారిలోనే లేచిపోతున్నాయి. కొన్ని ఎంత చూసినా లేవడం లేదు.

పొద్దున్నే లేస్తున్నావా అని అడిగావు. లేవాలంటే ముందు పడుకోవాలి కదమ్మా. వాటి నిద్ర చూసి చూసి నా నిద్ర ఎక్కడో పెట్టి మరిచిపోయాను.

బీముల సంగతి. వాటిని ఎండనివ్వకు, కదిలించనివ్వకు. పారేస్తామంటే ఒప్పుకోకు. రోజూ చెయ్యి పెట్టి చూడు, వెచ్చబడితే లేస్తున్నట్టు. తొట్టిలో ఏం పడి ఉంటుందో నిదానంగా గుర్తు చేసుకో.

నా సీసా ఒకటి కనబడడం లేదు. సంచీలో పెట్టిన గుర్తు. బహుశా ఇంట్లో అద్దం వెనక గూట్లో మరిచిపోయి ఉంటాను. నువ్వు ముట్టుకోకు. అలాగే ఉంచు, వచ్చి తీసుకెళ్తాను. అది లేక నాకు ఇక్కడ ఏమీ తోచడం లేదు.

నీ గుడ్లగూబ


నా గుడ్లగూబకు, అమ్మ కోపంగా రాయించేది.

నీ ఉత్తరం చదివించుకున్నాను. చివరి నాలుగు ముక్కలు రెండుసార్లు చదివించుకున్నాను. ఆ సీసా నువ్వు గూట్లో మరిచిపోలేదు. సంచీలోనే పెట్టావు. నేనే తీశాను. అది నీకు అవసరం లేదు. ఇంకెప్పుడూ అవసరం ఉండదు. దాన్ని పారబోసి, సీసా పగలగొట్టి, పెంకులు మట్టిలో కప్పెట్టాను.

ఎందుకో చెప్తాను. దర్జీ తమ్ముడు కొట్టు తలుపు దగ్గరగా వేశాడు, మేమిద్దరమే ఉన్నాం.

మొన్న నువ్వొచ్చి తిరిగి వెళ్ళే రోజు పొద్దున, గుమ్మంలో కూర్చుని ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నావు. నేను లోపల నీకు క్యారేజీ సర్దుతున్నాను. "నిద్రమందు నాతోనే తెచ్చేశాను, అక్కడ ఎవరికీ చెప్పకు" అన్నావు. నవ్వావు కూడా. ఆ నవ్వు నాకు నచ్చలేదు. తర్వాత అన్నావు: "బయల్దేరే ముందు ఒక్క మూతే. మధ్యాహ్నం దాకా లేవలేదు. రెండు మూతలు వేస్తే ఇక లేవడమే ఉండదేమో, చూడాలి." కాసేపు విని, "ఇదే ఆఖరు. ఇంక నా వల్ల కాదు" అన్నావు.

నా చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది.

ఈ ఆవరణలో ఎవరినైనా నిలదీయగలను. కొలతబాబును నిలదీశాను, అతని ముందున్నవాడిని నిలదీశాను. లారీ డ్రైవర్లు నన్ను చూస్తే హారను కొట్టడం మానేస్తారు. అలాంటి నోరు నీ ఎదురుగా వచ్చి నిలబడితే పెగల్లేదు. అడిగితే నువ్వు అవునంటావేమోనని. అవునన్న మాట ఒకసారి బయటికొస్తే దాన్ని ఎక్కడ దాచాలి? అందుకని అడగలేదు. నువ్వు ముఖం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు సంచీలోంచి సీసా తీసి, నీ బట్టల మడతలు మళ్ళీ అలాగే సర్దాను. నీకు దారిలో తినడానికి పెట్టింది కొంచెం ఎక్కువే పెట్టాను.

నువ్వు బస్సెక్కగానే వచ్చి మూత తీశాను. తియ్యటి వాసన. చావుకు ఇంత తియ్యటి వాసనా అనుకున్నాను. ఇంటి ముందు పోస్తే పిల్లులు నాకుతాయని, షెడ్డు పక్క తొట్టిలో పోశాను. తట్టలూ పారలూ కడిగే నీళ్ళు కదా, ఎవరూ నోట పెట్టుకోరని.

ఇంతకంటే నేను చెప్పను. నువ్వు చెప్పు. ఎవరైనా ఏమైనా అన్నారా? ఆ ల్యాబులో గిన్నెలు లేవకపోతే నీకేంటి? గిన్నెలు వాటి ఇష్టం. నువ్వు లేవాలి. రోజూ లేవాలి. ముఖం కడుక్కోవాలి, ఏదో ఒకటి తినాలి, నన్ను తిట్టుకుంటూనైనా సరే.

ఇక బీములు. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. నిన్న కొలతబాబు ఇద్దరు కూలీలనూ గునపాలనూ వెంటపెట్టుకుని వచ్చాడు. పక్కనే చెత్తబండి. నేను మొదటి బీము పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"లే పెద్దమ్మా, వీటిని తీసేయాలి" అన్నాడు.

"ఇవి నిద్రపోతున్నాయి బాబూ" అన్నాను.

"ఏంటీ?"

"నా కూతురు రాసింది. నిద్రపోయేవాళ్ళను గునపంతో లేపుతారా మీ ఇంట్లో?"

కూలీలు ఇటు తిరిగి నవ్వుకున్నారు. కొలతబాబు మెళ్ళో టేపు తీసి మళ్ళీ వేసుకున్నాడు. "ఇవి చెడిపోయినవి. చెడిపోయింది ఎన్నాళ్ళు ఉంచినా చెడిపోయిందే" అన్నాడు.

"అయితే నన్నూ బండిలో వెయ్యండి. నేనూ చాన్నాళ్ళుగా ఉన్నాను."

"పెద్దమ్మా, నేను పైవాళ్ళకు ఏం చెప్పను?" అన్నాడు, చిన్న గొంతుతో. అప్పుడు జాలేసింది. విచారణ అయ్యేదాకా ఆగితే అతనికీ నాకూ మంచిదని చెప్పాను. నాలుగు రోజుల్లో విచారణ, ఆ సాయంత్రం బండి, అన్నాడు. గునపాలు గోడకానించి వెళ్ళిపోయాడు.

పీట మీదే కునుకు పట్టింది. కల వచ్చింది. బీములన్నీ మెత్తగా ఒత్తిగిల్లాయి, ఒకటి తర్వాత ఒకటి, ఒక తల్లి పిల్లల్లా. గోనెపట్టాలు కిందికి జారాయి. పైపులోంచి నీళ్ళు పడడం లేదు, తెల్లటి పొడి పడుతోంది, వాన పడ్డంత నెమ్మదిగా. చివరి బీముకు నీ ముఖం ఉంది. "అమ్మా, ఇంకాసేపు" అంటోంది. ఎప్పుడూ నిద్రపోని పిల్ల ఇంకాసేపు అంటోందని కలలో సంతోషపడ్డాను. తర్వాత సీసా గుర్తొచ్చి భయపడ్డాను. లేచి చూస్తే షెడ్డు రేకుల సందులోంచి ఎండ గీతలు పడుతున్నాయి, పట్టాలు ఆరుతున్నాయి. తడిపాను. చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉన్నాయి.

నువ్వు వెంటనే రా. రాకపోతే నేనే వస్తాను. చేతిలో పైపుతో వస్తాను, నీ ల్యాబు తడిసిపోతుంది.

అమ్మ
(వేలిముద్ర)


అమ్మా,

ప్రియమైన అని రాసే లోపే ఏడుపొచ్చింది. అందుకే ఒట్టి అమ్మా.

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. ముందు నవ్వాను. పక్కనుంచి వెళ్ళేవాళ్ళు ఆగి చూసేంత నవ్వాను. తర్వాత ఎందుకో నవ్వు ఆగి, లేవబుద్ధి కాక అక్కడే కూర్చున్నాను.

నిద్రమందు నాకు కాదమ్మా. సిమెంటుకు. దాన్ని నిద్రపుచ్చడానికి నేను తయారు చేసుకున్న మందు. ల్యాబులో ముద్దుగా అందరం అలా పిలుచుకుంటాం. ఒక్క మూత వేసింది గిన్నెలో. మధ్యాహ్నం దాకా లేవనిది నేను కాదు, గిన్నె. ఇదే ఆఖరు అన్నది ఈ రకం మందు గురించి. ఇది కూడా కుదరకపోతే ఇంకో దారి వెతకాలని.

ఇప్పుడు ఆలోచిస్తుంటే మన మాటే అలా ఉంది. నేను లేవలేదు, నువ్వు లేవలేదు, అది లేవలేదు. ఎవరు లేవకపోయినా లేవలేదు ఒకటే. ఎవరన్నది వినేవాళ్ళే చూసుకోవాలి. నువ్వు విన్నావు, నీ కళ్ళకు నేనే కనబడ్డాను. గిన్నె ఎందుకు కనబడుతుంది నీకు?

బాబాయ్ గారూ, ఇక్కడినుంచి గొంతు తగ్గించి చదవండి.

తొట్టిలో పడింది టీ కాదు, నా మందు, అదీ చక్కెర లాంటిదే. ఒక మూత పడితే సగం రోజు నిద్ర. నువ్వు సీసా మొత్తం పోశావు. ఆ నీళ్ళే మేస్త్రి మిల్లర్లో పోయించాడు. ఆ బీముల్ని నిద్రపుచ్చింది మనిద్దరమే. మందు నాది, చెయ్యి నీది. అవి చెడిపోలేదమ్మా. బాగా బరువైన నిద్రలో ఉన్నాయి. లేస్తాయనే అనుకుంటున్నాను. అంత మందు నేనెప్పుడూ వేసి చూడలేదు, ఖాయంగా చెప్పలేను.

ఆ సీసా ల్యాబు దాటి బయటికి రాకూడదు. మన ఆవరణ నీళ్ళతో ఎలా పనిచేస్తుందో ఒకసారి చూద్దామని, అడగకుండా తెచ్చాను. తెచ్చి, నీ దగ్గర కూర్చున్నాక ఆ పనే మరిచిపోయాను. విచారణలో కొలతబాబుకు నేనే చెబుతాను. చెప్పాక ఇక్కడ నా కుర్చీ ఉంటుందో ఉండదో. నీ గది ఉంటుంది, పైపు ఉంటుంది. నాకు అది చాలు.

ఇంకో మాట. రాయాలా వద్దా అని చాలాసేపు చూశాను. ఆ రోజు నేను మాట్లాడింది సిమెంటు గురించే. అది నిజం. కానీ గుమ్మం లోపలినుంచి నీకు వినబడింది నా గొంతు. అందులో ఏదో ఉండే ఉంటుంది. కొన్నాళ్ళుగా నాకు పడుకోవాలని లేదు, లేవాలని లేదు. ప్రతి పనీ సగంలో ఉంది. తెర మీద గీత ఎప్పుడు కొండెక్కుతుందా అని చూస్తూ, నేను నేల మీదే పాకుతున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు. కానీ నువ్వు సీసా పారబోశావు.

రేపు బయల్దేరుతున్నాను. పీట ఇంకోటి వేసి ఉంచు. విచారణకు ముందు నాకు కాస్త కునుకు పట్టినా, నన్ను లేపు. మరిచిపోకు.

నీ కూతురు


పొద్దెక్కాక కూడా లేవని నా గుడ్లగూబకు, గుమ్మం బయట కూర్చుని అమ్మ రాయించేది.

నా పేరు తడి పెద్దమ్మ. వయసు నిన్నటికంటే ఒక రోజు ఎక్కువ. ఇంట్లో మనుషులు: ఇవాళ ఇద్దరం. నువ్వు లేచాక అడిగేవాటికి జవాబులు ముందే రాయించి పెడుతున్నాను. అప్పుడు నేను షెడ్డులో ఉండొచ్చు, లేకపోతే నీతో పోట్లాడడానికి నాకు ఓపిక ఉండకపోవచ్చు. దర్జీ తమ్ముడు కలం చప్పుడు కాకుండా రాస్తున్నాడు. దగ్గొస్తే వీధిలోకి వెళ్ళి దగ్గి వస్తున్నాడు.

నిన్న నువ్వు బస్సు దిగి మంచినీళ్ళు కూడా తాగకుండా షెడ్డులోకి నడిచావు. పట్టా అంచు ఎత్తి మొదటి బీము మీద అరచెయ్యి పెట్టావు. తర్వాత చెంప పెట్టావు. "చల్లగానే ఉందమ్మా" అన్నావు. నీ చెంప కంటే ఆ బీమే నయం అనిపించింది నాకు, అంత పాలిపోయి ఉన్నావు. రెండో పీట మీద కూర్చుని గోడకు ఒరిగావు. కొలతబాబుతో ఏం చెప్పాలో నాకు చెబుతున్నావు. "ముందు నేను మాట్లాడతాను, తర్వాత నువ్వు, మధ్యలో నువ్వు" అని అక్కడ ఆగిపోయావు. చూస్తే నోరు కాస్త తెరుచుకుని ఉంది. తడి గోనెపట్టాల వాసనలో, ఎండ గీతల కింద, చిన్నప్పుడు ఎంత జోకొట్టినా పడుకోనిచోట పడుకున్నావు.

మేస్త్రీ నేనూ చెరో చెయ్యి పట్టుకుని గదికి నడిపించాం. నడిచావు, కళ్ళు తెరవలేదు. మంచం మీద వాలావు. అంతే.

ఇవాళ పొద్దున విచారణకు ముందు వెళ్ళి పట్టాలు తడిపాను. మామూలుగా చెయ్యి పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను. నా చెయ్యే ఎండకు కాలిందేమోనని నీళ్ళలో ముంచి, తుడుచుకుని, మళ్ళీ పెట్టాను. వెచ్చగా ఉంది. రెండో బీము వెచ్చగా ఉంది. వరసంతా తిరిగాను. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క తీరు వెచ్చదనం, ముందు లేచింది, ఇప్పుడిప్పుడే లేస్తున్నది, ఇంకా ముడుచుకున్నది. ఆ నీళ్ళలోనే కూర్చుండిపోయాను. నిన్ను లేపుదామని గుమ్మం దాకా వచ్చాను. నీ ఊపిరి వినబడింది. పొడుగ్గా, తొందర లేకుండా. లేపమన్నావని గుర్తుంది. లేపలేదు. నీ మాట వినకపోవడం నాకు కొత్త కాదు.

విచారణకు నేనొక్కదాన్నే వెళ్ళాను. బల్ల అవతల కొలతబాబు, ఇవతల నేను.

"తొట్టిలో టీ పోశావా పెద్దమ్మా?"

"టీ పోయలేదు. మందు పోశాను."

అతని చేతిలో పెన్ను ఆగింది. "ఏం మందు?"

"నిద్రమందు."

"ఎవరిది?"

అబద్ధం చెప్పనా అని ఒక్క క్షణం చూశాను. చదువు రానిదాన్ని, సీసా మీద ఏం రాసుందో నాకేం తెలుసు అంటే సరిపోయేది. కానీ నువ్వు నిజం చెప్పడానికి అంత దూరంనుంచి వచ్చి పడుకున్నావు. నీ నిజాన్ని నేను మార్చకూడదు అనుకున్నాను.

"నా కూతురిది. సిమెంటు కోసం చేసుకుంది. తన కోసం అనుకుని నేను పారబోశాను. నా బిడ్డ తాగుతుందనుకున్న దాన్ని పారబోయడం తప్పయితే రాసుకో. మళ్ళీ కనబడితే మళ్ళీ పారబోస్తాను, అది కూడా రాసుకో."

అతను ఏమీ రాయలేదు. "ఆవిడ ఎక్కడ?" అన్నాడు.

"పడుకుంది. లేచేదాకా ఎవరూ అడగడానికి వీల్లేదు. కావాలంటే ముందు బీముల్ని అడుగు."

షెడ్డుకు వచ్చాడు. పట్టా తీసి బొటనవేలు నొక్కాడు. దిగలేదు. గోరుతో గీరాడు. గోరు విరిగింది. విరిగిన గోరు వంక చూసుకున్నాడు. తర్వాత అరచెయ్యి మొత్తం బీము మీద పెట్టాడు. టేపుతో కొలవని దాన్ని అతను ముట్టుకోవడం నేను అదే మొదటిసారి చూశాను. "వెచ్చగా ఉంది" అన్నాడు, నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు.

అక్కడినుంచి మన గుమ్మం దాకా వచ్చాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. లోపలికి తొంగి చూసి గొంతు బాగా తగ్గించాడు. "ఎప్పటినుంచి?"

"నిన్న వచ్చినప్పటినుంచి."

"ఇంత గాఢంగానా? ఏమైనా వేసుకున్నారా?"

"ఏమీ లేదు నాయనా. అమ్మ పక్కనుంది, అంతే" అన్నాను.

అతను చెప్పింది ఇది. మందు సంగతి పైకి రాయక తప్పదు. అయితే తను రాయడు, నువ్వు లేచాక నీ మాటల్లో నువ్వే రాయాలి, అందాకా ఆగుతాడు. ఈ బీములు పూర్తిగా గట్టిపడే వయసుకొచ్చి, బరువు పెట్టి చూసేదాకా వీటికి తడి ఆరకూడదు, కాబట్టి పైపు నా దగ్గరే, గది నాదే. ఆ తర్వాత సంగతి బీములు ఎంత మోస్తాయో దాన్నిబట్టి. గునపాలు వెనక్కి పంపించాడు. చెత్తబండి ఖాళీగా వెళ్ళింది, గేటు దగ్గర డ్రైవరు హారను కొట్టబోయి నన్ను చూసి మానేశాడు.

నీ కుర్చీ సంగతి అతని చేతుల్లో లేదట. ఉంటే వెళ్ళు. లేకపోతే బాధపడు, కొన్నాళ్ళు పడు, తర్వాత మానెయ్. ఆ నిద్రమందు నీ వంతెనలకు పనికొస్తుందో లేదో నాకు తెలియదు, నువ్వే చూడు. ఈ బీములు ఇన్ని రోజులు పడుకుని, ఎవరూ తట్టి లేపకుండా, వాటంతటవే లేచాయి. ఎండనివ్వకుండా, కదిలించకుండా పక్కన కూర్చున్నానంతే. వేరే ఏమీ చేయలేదు.

అన్నం మూత పెట్టి ఉంచాను. నీళ్ళు తొట్టిలోవి కాదు, కుండలోవి తాగు.

ఎండ గుమ్మం దాటి నీ మంచం కోడు దాకా వచ్చింది. నీ పాదం మీదికి రాగానే కాలు ముడుచుకున్నావు. కళ్ళు తెరవలేదు. ఇంకా లేవలేదు. ఈ మాట మళ్ళీ రాయమంటే, ఒకసారి రాశాను కదక్కా అంటున్నాడు దర్జీ తమ్ముడు. మళ్ళీ రాయి, అన్నాను. నా కూతురు హాయిగా ఉంది, ఇంకా లేవలేదు.

ఇది నేను చెప్పగా రాసింది. చదివి వినిపించగా విన్నాను. సరిగ్గానే ఉంది. సిరా పెట్టె లేదు, బొటనవేలికి అంటిన సిమెంటు తడితోనే ముద్ర వేశాను. తడిగా ఉన్నప్పుడు ముట్టుకోకు.

తడి పెద్దమ్మ
(బూడిదరంగు వేలిముద్ర)

సాక్షులు:
ఒకటి, దర్జీ తమ్ముడు. రాసినవాడు.
రెండు, కొలతబాబు. గోరు విరిగిన మాట నిజమని కూడా రాయమన్నాడు.
మూడు, కూతురు. నిద్రలో ఉంది. లేచాక సంతకం పెడుతుంది.